తొమ్మిదో నంబరు గేటుకి తెల్లగుడ్డ

మా ఊరి పత్రిక పేరు ‘గట్టు కబుర్లు’. నెలకోసారి వస్తుంది, ఎనిమిది పేజీలు, పసుపు కాగితం. పదకొండేళ్ళుగా రాసేదీ, అచ్చు తీయించేదీ, ఇంటింటి తలుపు సందులో వేసేదీ నేనే. ఫిబ్రవరి సంచిక ప్రతి ఏడూ ఒకలాగే ఉంటుంది. చర్చి వెనకాల స్నోడ్రాప్ పూలు విచ్చాయి. పక్షులు గూళ్ళు పెట్టకముందే కంచెలు కత్తిరించుకోండి. గురువారం హాల్లో సూపు భోజనం, ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. పోయిన నెల పబ్బులో ఎవరో మర్చిపోయిన పళ్ళసెట్టు ఇంకా పబ్బులోనే ఉంది. ఆఖరి పేజీలో మాత్రం ఎప్పుడూ ఒకటే విషయం. సెవెర్న్ నది గట్టు దాటితే ఎవరు ఏం చెయ్యాలన్నది.

మా ఊరు ఎల్వర్‌స్టోక్‌లో పుట్టిన పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఆ పేజీ వచ్చేస్తుంది. సైరన్ మోగగానే కార్లన్నీ చర్చి మిట్ట మీదికి చేర్చాలి. వరద వార్డెన్ తన వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి తలుపు మూడుసార్లు కొట్టాలి. పేరు పెట్టి పిలవాలి. పది లెక్కపెట్టాలి. ఎవరూ పలక్కపోతే గేటుకి తెల్లగుడ్డ కట్టి ముందుకి పోవాలి. తెల్లగుడ్డ ఉందంటే ఆ ఇల్లు ఖాళీ అని అర్థం. ఫైర్ వాళ్ళ పడవ ఆ ఇంటి ముందు ఆగదు. ఆ గుడ్డల కోసం ఏటా అక్టోబరులో కుట్టుసంఘం వాళ్ళు పాత దుప్పట్లు చించి పేలికలు చేసి నాకిస్తారు. విల్లో లేన్‌కి వార్డెన్ని నేను. తొమ్మిది ఇళ్ళ వీధి, నదికి అన్నిటికంటే దగ్గర. పై వీధులన్నీ ఇంకో వార్డెన్ డెస్మండ్ చూసుకుంటాడు, అక్కడిదాకా నీళ్ళు రావు కాబట్టి గుడ్డల అవసరం పడదు.

రెండేళ్ళ కిందట నేను చేసిన పని చెప్పకుండా ఈ కథ చెప్పలేను. అప్పుడూ ఫిబ్రవరే. తొమ్మిదో నంబరులో ట్రాంటర్ గారని ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. మధ్యాహ్నమే లెడ్‌బరీలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోతానని పొద్దున నాతో అన్నాడు. నేను వీధి చివరికి వచ్చేసరికి ఆ ఇంటి గేటుకీ తలుపుకీ మధ్యనున్న పల్లంలో నడుం లోతు నీళ్ళు. బూట్లలోకి నీళ్ళు దిగి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. కిటికీల్లో దీపం లేదు. వాకిట్లో కారు లేదు. వెళ్ళిపోయాడనుకున్నాను. కార్లు అందరివీ మిట్ట మీదే ఉంటాయని, కారు లేకపోవడం దేనికీ గుర్తు కాదని, ఆ నియమం రాసిన నాకే తట్టలేదు. తలుపు దాకా పోలేదు. గేటుకి గుడ్డ కట్టి వెనక్కి తిరిగాను. మూడు రోజులు పడవ ఆ ఇంటి ముందు నుంచి అటూ ఇటూ తిరిగింది. అయిదో రోజున ట్రాంటర్ గారిని మేడమెట్ల మీద చూశారు. తుంటి విరిగి, చలికి బిగుసుకుపోయి ఉన్నాడు.

మార్చి సంచికలో నేను రాసిన వాక్యం ఇది: ‘విల్లో లేన్‌లో ప్రతి తలుపూ తట్టాం.’ ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా కేకులు తెచ్చిచ్చారు. అప్పటినుంచీ నేను మొద్దుబారిపోయాను. ఏడుపు రాదు, నవ్వు రాదు. టీ వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియదు. తినాలి కాబట్టి తింటాను, పత్రిక రావాలి కాబట్టి రాస్తాను. తొమ్మిదో నంబరుకి మాత్రం పత్రిక తలుపు సందులో వెయ్యను, గేటుకి ఒక సంచి తగిలించి అందులో పడేసి వస్తాను.

కిందటి వేసవిలో ఆ ఇంట్లోకి టామ్‌సిన్ అనే అమ్మాయి, ఆమె భర్త అద్దెకి దిగారు. అతను లారీ తోలుతాడు, వారంలో నాలుగు రోజులు స్కాట్లండ్‌లోనే. జనవరిలో వాళ్ళకి పాప పుట్టింది. ఐరిస్ అని పేరు పెట్టారు. పత్రికలో వేశాను, రెండు లైన్లు.

ఆ గురువారం సూపు భోజనానికి ముప్ఫైమంది దాకా వచ్చారు. వానకి హాలు అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. నాలుగో నంబరు కిట్సన్ గారు గిన్నెలో చెంచా తిప్పుతూ, “ఏమ్మా ఇనిడ్, నది ఇంకా ఊళ్ళోకి రాకముందే గిన్నెల్లోకి తెచ్చేశావే” అన్నాడు. ముప్ఫై ఏళ్ళు బడిలో వంట చేసినదాన్ని, ఇలాంటివి చాలా విన్నాను. పల్చగా ఉందంటూనే రెండుసార్లు పోయించుకుని, నిద్ర టైమయిందని రెండింటికి ఇంటికి వెళ్ళిపోయాడు. టామ్‌సిన్ పాపని గుడ్డలో గుండెకి కట్టుకుని వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. జ్వరమా అంటే, కొద్దిగా అంది. మూడింటికల్లా కారులో మాల్వర్న్‌లో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోతానని, నన్ను కంగారు పడొద్దని చెప్పింది.

మూడున్నరకి సైరన్ మోగింది. నేనూ పాస్టర్ ఫిలిపా ఇంకా గిన్నెలు తోముతూనే ఉన్నాం. ఆవిడ చర్చి తలుపులు తీయడానికి పోయింది, నేను రబ్బరు బూట్లు తొడుక్కుని పేలికల సంచి భుజాన వేసుకున్నాను. విల్లో లేన్‌లో నీళ్ళు అప్పటికే చీలమండలదాకా ఉన్నాయి. కొందరు మూటలు పట్టుకుని ఎదురొచ్చారు. పలికిన ఇళ్ళవాళ్ళని పంపేశాను. పలకని చోట పది లెక్కపెట్టి గుడ్డ కట్టాను. రెండేళ్ళుగా నేను ఒక్కటి కూడా తగ్గించి లెక్కపెట్టలేదు. ఎనిమిది ఇళ్ళయ్యేసరికి నాలుగుంపావు. కరెంటు పోయింది. ఆ నెలలో మాకు పొద్దు తొందరగా వాలిపోతుంది. వానలో వీధంతా బూడిదరంగుగా ఉంది.

టార్చి తొమ్మిదో నంబరు వైపు తిప్పాను. గేటుకి తెల్లగుడ్డ కట్టి ఉంది.

నిజం చెప్పాలి. మొదట నాకు కలిగింది నిశ్చింతే. డెస్మండ్ వచ్చి చూసి ఉంటాడు, అమ్మాయి వెళ్ళిపోయి ఉంటుంది, ఆ తలుపు దాకా నేను పోనక్కర్లేదు. రెండడుగులు వెనక్కి కూడా వేశాను. తర్వాత ఎందుకో వాకీటాకీ నొక్కి, విల్లో లేన్ చివరింటికి నువ్వు కట్టావా అని డెస్మండ్‌ని అడిగాను. అటునుంచి గరగరమంటూ జవాబొచ్చింది. తను మిట్ట దిగనేలేదట. పేలికలన్నీ నీ సంచిలోనే ఉన్నాయి కదా అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. ముడి నాది. బడిలో గుడ్డలో కట్టి పుడ్డింగు ఉడికించేదాన్ని. దానికి వేసే రెండు మెలికల ముడి మా ఊళ్ళో ఇంకెవరికీ రాదు. గుడ్డ తడిసి, బురద పట్టి, నాచు వాసన వేస్తోంది. ఇవాళ కట్టింది కాదు, కానీ ఈ నెల పత్రిక వేసినప్పుడు గేటుకి అది లేదు. ఒళ్ళు జలదరించింది... చాలాకాలం తర్వాత నా ఒంటికి ఏదైనా తెలియడం అదే మొదలు.

పల్లంలో దిగాను. తొడలదాకా నీళ్ళు. ఏవో కర్రలు మోకాళ్ళకి తగిలి పోతున్నాయి. మెట్టెక్కి తలుపు ముందు నిలబడ్డాను. రెండేళ్ళలో నేను ఆ తలుపుని ముట్టుకోలేదు. మూడుసార్లు కొట్టాను. “టామ్‌సిన్” అని పిలిచాను. ఒకటి. రెండు. మూడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆరు. ఏడు...

తలుపుకి అవతలి పక్క, సరిగ్గా నా చెవి ఎత్తులో, ఎవరో ఊపిరి పీల్చారు.

“ఎవరూ లేరు.”

మగగొంతు. ముసలిగొంతు. గుసగుసగా ఉంది. పైపు పొగాకు వాసన, దాంతో కలిసి నదిబురద వాసన.

“అందరూ వెళ్ళిపోయారు. వెళ్ళు.”

ఆ గొంతు నాకు తెలుసు. ఎప్పుడు కనబడినా పత్రికలో అక్షరదోషాలు లెక్కచెప్పిన గొంతు. ట్రాంటర్ గారిది. అరవాలనిపించలేదు, పారిపోవాలనీ అనిపించలేదు. సిగ్గుచేటయిన సంగతి ఏమిటంటే, ఆయన చెప్పింది నమ్మాలనిపించింది. ఎవరూ లేరంటున్నాడు. నేను కొట్టాను, పిలిచాను, లెక్కపెట్టాను. ఈసారి పత్రికలో అబద్ధం రాయక్కర్లేదు. వెళ్ళిపోవచ్చు.

అప్పుడు మేడమీద ఎక్కడో పాప ఏడ్చింది. సన్నగా, ఒక్కసారి. ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

తలుపుని భుజంతో తోశాను. కదల్లేదు. లోపల గడియ వేసి ఉంది. వెనకవైపు పెరటిగోడ దాకా నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, అటు పోలేను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట. ఎవరూ లేరు. ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది. చచ్చిపోయినవాడికి భయం ఎందుకో నాకు అర్థం కాలేదు.

తలుపుకి నుదురు ఆనించాను. రెండేళ్ళుగా మా ఆయనకి చెప్పనిది, పాస్టర్‌కి చెప్పనిది ఆ చెక్కకి చెప్పాను.

“ట్రాంటర్ గారూ, నేను ఇనిడ్‌ని. ఆ రోజు నేను తలుపు కొట్టలేదు. అసలు ఇక్కడిదాకా రాలేదు. చలేసింది. గేటు దగ్గర్నుంచే వెళ్ళిపోయాను. కొట్టానని అబద్ధం రాశాను.”

లోపల గడియ తీసిన చప్పుడు.

తలుపు దానంతటదే ఒక జానెడు తెరుచుకుంది. వెనకాల ఎవరూ లేరు. హాల్లో నీళ్ళ మీద టామ్‌సిన్ చెప్పులు తేలుతున్నాయి.

ఆమె మేడమీద గదిలో మంచం పక్కన నేలమీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పాపని గుండెకి అదుముకుని, దాని నోటికి తన వేలు అడ్డం పెట్టింది. నీళ్ళొస్తాయేమోనని కారు ముందే మిట్ట మీద పెట్టేసి, సంచి సర్దుకోవడానికి తిరిగొచ్చి, పది నిమిషాలు నడుం వాల్చిందట. తర్వాత లేవలేకపోయింది. నన్ను చూసి గోడకేసి జరిగిపోయింది. నా మొహం మీద టార్చి వేసి చూపించమంది. చూపించాను.

“మధ్యాహ్నం నుంచీ కొడుతూనే ఉన్నారు మీరు” అంది. “మూడుసార్లు కొట్టడం, నా పేరు పిలవడం. కాసేపాగి మళ్ళీ. నేను పలుకుదామనుకున్నా. కింద ఎవరో పెద్దాయన... మాట్లాడొద్దమ్మా అన్నాడు. పాప ఏడవకుండా చూసుకో అన్నాడు.”

నేను రావడం ఇప్పుడేనని చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మినట్టు కాదు, నమ్మక తప్పదన్నట్టు.

ఇద్దరినీ మోసుకుని ఆ పల్లం దాటడం నా వల్ల కాదు. పడవ రావాలి. గేటుకి గుడ్డ ఉన్నంతసేపూ పడవ ఆగదు. మళ్ళీ నీళ్ళలోకి దిగాను. ముడి నేను వేసిందే అయినా నా వేళ్ళకి లొంగలేదు. పళ్ళతో కొరికాను. నోట్లో బురద, ఇనుము రుచి. ఊడివచ్చాక గుడ్డని నీళ్ళలో వదిలేసి, లోపలికి వచ్చి గడియ వేసి, మేడమీద కిటికీలో టార్చి వెలిగించి పెట్టాను. వాకీటాకీలో డెస్మండ్‌కి చెప్పాను. పడవ పావుగంటలో వస్తుందన్నాడు.

అయిదు నిమిషాలు గడిచి ఉంటాయి. కింద తలుపు కొట్టారు.

ఒకటి. రెండు. మూడు.

“టామ్‌సిన్.”

నా గొంతు.

రికార్డులో మన గొంతు మనకే పరాయిగా వినబడుతుంది కదా, అలాక్కూడా కాదు. తలలోపల నాకు వినబడే గొంతే కింద తలుపు బయటి నుంచి వచ్చింది. వంట అయ్యాక పిల్లల్ని పిలిచినట్టు, ఓపిగ్గా ఉంది. టామ్‌సిన్ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నాకు తెలియకుండానే నేను లెక్కపెడుతున్నాను. నాలుగు. అయిదు. అవతల అదీ లెక్కపెడుతోందని తెలుస్తోంది. తొమ్మిది. పది...

మళ్ళీ కొట్టింది. ఈసారి “ఇనిడ్” అంది.

ట్రాంటర్ గారు పలుకుతాడేమోనని చూశాను. పలకలేదు. గడియ తీశాక ఆయన ఎటు పోయాడో తెలియదు. పాప నోరు తెరుస్తోంది. మెట్ల మీదికి వచ్చి నేనే చెప్పాను.

“ఎవరూ లేరు.”

బయట ఊపిరి ఆగినట్టయింది. తర్వాత నీళ్ళలో ఎవరో నెమ్మదిగా నడుస్తున్న చప్పుడు, గోడ చుట్టూ, వంటింటి వైపు... మళ్ళీ ముందుకి... మళ్ళీ మూడుసార్లు. నేను మళ్ళీ చెప్పాను. అలా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దూరంగా పడవ మోటారు వినబడ్డాక ఆగిపోయింది.

చర్చిలో కిరోసిన్ హీటర్లు వెలిగించారు. బెంచీల మీద దుప్పట్లు, గంటలు కొట్టే గదిలో కుక్కలు, దీపాల కింద అరవైమంది. టామ్‌సిన్‌నీ పాపనీ అంబులెన్సు మిట్ట మీది నుంచే తీసుకెళ్ళింది. ఇద్దరికీ ఫర్వాలేదన్నారు. ఎవరో నా చేతిలో టీ పెట్టారు. అది వేడిగా ఉంది. కప్పు కింద పెట్టి లేచి నిలబడి, ట్రాంటర్ గారి సంగతి అందరికీ వినబడేట్టు చెప్పేశాను. తలుపు కొట్టలేదని, అబద్ధం రాశానని. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. కొందరు తలలు దించుకున్నారు.

నేను మళ్ళీ కూర్చోగానే పాస్టర్ ఫిలిపా వచ్చి పక్కన కూర్చుంది. “మాకు తెలుసు ఇనిడ్” అంది మెల్లగా. “ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం దొరికింది. చెల్లెలు నాకు చూపించింది. మేం నలుగురం చదివాం. నువ్వే చెప్పేదాకా అడగకూడదనుకున్నాం.”

ఏం రాశాడని అడిగాను. ఆవిడకి కంఠతా వచ్చు. నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది.

“నాలుగూ పది. మేడ కిటికీలోంచి ఇనిడ్ కనిపిస్తోంది. గేటుకి గుడ్డ కట్టి వెళ్ళిపోతోంది. పిలుద్దామని కిటికీ తీయబోయాను. అదే సమయానికి కింద తలుపు కొట్టారు. నన్ను పేరు పెట్టి పిలిచారు. ఇనిడ్ గొంతే.”

మెట్లు దిగబోయి, భయపడి వెనక్కి ఎక్కుతూ పడ్డాడని, అది కూడా రాశాడని చెప్పింది. ఆ తర్వాత రెండు రాత్రులూ పేజీల నిండా ఒకటే రాసుకున్నాడట. ఎవరూ లేరని చెప్పాను. వెళ్ళలేదు. ఎవరూ లేరని చెప్పాను. వెళ్ళలేదు. చలికి మతి చలించి రాశాడని వాళ్ళందరూ అనుకున్నారు.

రెండేళ్ళుగా నేను మోసింది ఒక తప్పునే అనుకున్నాను. నేను వదిలేసిన తలుపు దగ్గరికి నా బదులు ఇంకేదో వెళ్ళి నిలబడిందని తెలిశాక, ఆ తప్పుని ఎక్కడ దించాలో తెలియకుండా పోయింది.

వీధులవారీగా జనాన్ని సరిచూస్తున్న డెస్మండ్ అటునుంచి వచ్చాడు. ఒక చేతిలో జాబితా, ఇంకో చేతిలో ఫోను. కిట్సన్ గారి కూతురు వూస్టర్ నుంచి చేసిందట. వాళ్ళ నాన్న సైరన్‌కి ముందే, మూడింటికి ఆమెకి ఫోన్ చేశాడట. ఇనిడ్ వచ్చి తలుపు కొడుతోంది, వరదొస్తుందంటోంది, సూపు పల్చగా ఉందన్నానని కోపమేమో, మొహం కూడా సరిగ్గా చూపించడం లేదు, ఆమెతో వెళ్తున్నా అన్నాడట.

“ఎక్కడ కూర్చోబెట్టావు ఆయన్ని?” అన్నాడు డెస్మండ్. “చర్చంతా వెతికాను.”

నాలుగో నంబరు తలుపు నేను వెళ్ళేసరికే బార్లా తీసి ఉంది. పిలిచాను. పది లెక్కపెట్టాను. గుడ్డ కట్టాను.

డెస్మండ్ ఫోన్ నా వైపు చాపాడు. లోపల కూతురు హలో, హలో అంటోంది. మూడింటికి నేను హాల్లో గిన్నెలు తోముతున్నానని నాకు తెలుసు, ఫిలిపాకి తెలుసు. ఫిలిపా నా వైపు చూస్తూ, బెంచీ మీద నా నుంచి కొద్దిగా దూరంగా జరిగింది.